ఆసియా అండర్‌గ్రౌండ్, ఇండీ సంగీతం: హైదరాబాద్ శ్రోతలు తరచుగా అడిగే ప్రశ్నలు

హైదరాబాద్‌లో చిన్న గిగ్‌లకి (లైవ్ కచేరీలకి) వచ్చేవాళ్ళు, వాట్సాప్ గ్రూపుల్లో పాటల లింకులు పంచుకునేవాళ్ళు పదే పదే అడిగే ప్రశ్నలివి. జవాబుల్లో నా అభిరుచి కనిపిస్తుంది, దాన్ని దాచే ప్రయత్నం చేయలేదు.

అండర్‌గ్రౌండ్ అన్నా ఇండీ అన్నా ఒకటేనా? కె-పాప్ ఇందులోకి వస్తుందా?

రెండూ ఒకటి కాదు. పెద్ద కంపెనీ చేతిలో పెట్టకుండా సొంతంగానో, చిన్న లేబుల్ ద్వారానో విడుదలయ్యేది ఇండీ. రేడియో, టీవీ, పెద్ద హాళ్ళు పట్టించుకోని చోట, కొన్ని దేశాల్లో అయితే రానివ్వని చోట నడిచేది అండర్‌గ్రౌండ్. టెహ్రాన్‌లో పర్మిషన్ లేకుండా ఇంటి బేస్‌మెంట్‌లో వాయించే బ్యాండ్ అక్షరాలా అండర్‌గ్రౌండే. సియోల్‌లో సొంత లేబుల్ పెట్టుకుని ఫెస్టివల్‌లో వేల మంది ముందు వాయించే బ్యాండ్ మాత్రం ఇండీ. కె-పాప్, బాలీవుడ్, మన సినిమా పాటలు ఈ పేజీలో లేవు. అవి తక్కువని కాదు, వాటి గురించి చెప్పేవాళ్ళు బోలెడు మంది ఉన్నారు.

చిన్నప్పటి నుంచి సినిమా పాటలే విన్నాను. ఇవి నా చెవికెక్కుతాయా?

ఎక్కుతాయి. అసలు మీరు సినిమా పాటలే విన్నారన్న మాటే నేను ఒప్పుకోను. మన ఇళ్ళల్లో ‘ప్రైవేటు పాటలు’ అనేవాళ్ళు గుర్తుందా? ఘంటసాల పుష్పవిలాపం ఏ సినిమా కోసం పాడింది కాదు, అయినా ఊరూరా మోగింది. ఆకాశవాణిలో లలిత సంగీతం అని ఒక ప్రపంచమే ఉండేది, బాలాంత్రపు రజనీకాంతరావు లాంటివాళ్ళు దాన్ని నిలబెట్టారు. ఇక గద్దర్, జన నాట్య మండలి సంగతి. భుజాన గొంగడి, చేతిలో కర్ర, పక్కన డప్పు. ఆ పాటలు ఊళ్ళల్లో నోటి నుంచి నోటికి, తర్వాత కాసెట్ నుంచి కాసెట్‌కి కాపీ అవుతూ తిరిగాయి. పోలీసుల కంట పడకుండా పాట ప్రయాణించడం అంటే ఏమిటో తెలంగాణలో ఒక తరానికి ఎవరూ కొత్తగా నేర్పక్కర్లేదు.

ఇంకోటి మర్ఫా. నిజాం కాలంలో ఆఫ్రికా నుంచి వచ్చిన సిద్దీలు, యెమెన్ నుంచి వచ్చిన హద్రమీ అరబ్బులు తెచ్చిన తాళం అది. బార్కాస్‌లో, ఏసీ గార్డ్స్‌లో, పాతబస్తీ బరాత్‌లలో ఇవాళ్టికీ మోగుతుంది. ఆ దెబ్బకి కాలు కదిపిన వాళ్ళెవరికైనా సిరియా గాయకుడు ఒమర్ సులేమాన్ మొదటి వినికిడికే నచ్చుతాడు. ఆయన పెళ్ళిళ్ళలో పాడేవాడు. పెళ్ళిలో రికార్డు చేసిన కాసెట్ ముందు కొత్త జంటకి ఇచ్చేవాళ్ళు, తర్వాత దాని కాపీలు బజారులో అమ్ముడయ్యేవి. అలాంటివి వందల్లో వచ్చాక, 2007లో అమెరికాలోని సబ్లైమ్ ఫ్రీక్వెన్సీస్ అనే చిన్న లేబుల్ కొన్నిటిని ఏరి బయటి ప్రపంచానికి వినిపించింది. స్పీడ్‌గా కొట్టే కీబోర్డు, గొంతు చించుకుని పాడే పాట, చుట్టూ చప్పట్లు. మన బరాత్‌లో పుట్టి పెరిగిన చెవికి అందులో కొత్తగా అనిపించేది ఒక్క భాషే.

సరే, ఎక్కడ మొదలుపెట్టాలి? ఆసియా అంటే చాలా పెద్దది కదా.

దేశాన్ని కాదు, ఒక ఊరిని పట్టుకోండి. ‘చైనా ఇండీ’, ‘ఇండోనేషియా రాక్’ అని వెతికితే వందల పేర్లు ఒక్కసారిగా మీద పడతాయి, ఒక్కటీ గుర్తుండదు. ఒక ఊళ్ళో ఒక కాలంలో ఏ క్లబ్ ఉండేది, ఏ లేబుల్ ఉండేది, ఎవరు ఎవరితో వాయించారు అని పట్టుకుంటే పాటలు ఒకదాన్నొకటి లాక్కొస్తాయి.

ఉదాహరణకి బీజింగ్. 1986లో త్సుయ్ జియెన్ అనే గాయకుడు వర్కర్స్ జిమ్నాజియం వేదిక మీద గిటార్‌తో పాడిన పాటతో చైనా రాక్ మొదలైందని అక్కడివాళ్ళు చెప్పుకుంటారు. ఆ తర్వాతి తరం కథ నాకు ఇంకా ఇష్టం. 1990ల్లో పాశ్చాత్య దేశాల్లో అమ్ముడుపోని సీడీలు, కాసెట్లు ప్లాస్టిక్ చెత్త కింద చైనాకి వచ్చేవి. మళ్ళీ అమ్మకుండా వాటి అంచు రంపంతో కోసేవాళ్ళు. చైనా కుర్రాళ్ళు ఆ చెత్తలోంచే వాటిని ఏరుకున్నారు. సీడీ లోపలి నుంచి బయటికి చదువుతుంది కాబట్టి అంచు తెగినా మొదటి పాటలు బాగానే మోగేవి, చివరి ఒకటి రెండు పాటలే పోయేవి. కాసెట్ అయితే తెగిన టేపుని స్టిక్కర్‌తో అతికించుకునేవాళ్ళు. వాటిని ‘దాకౌ’ అన్నారు, వాటితో పెరిగినవాళ్ళకి దాకౌ తరం అని పేరే పడింది. ఏది పంక్, ఏది జాజ్, ఏది పాతది, ఏది కొత్తది అని చెప్పేవాళ్ళెవరూ లేరు, చేతికి దొరికింది విన్నారు. ఆ వినికిడి ఎలాంటి బ్యాండ్లని పుట్టించిందో తెలియాలంటే కార్సిక్ కార్స్, రీ-ట్రోస్ అనే బ్యాండ్లని వినండి. 2006 నుంచి 2012 జనవరి దాకా బీజింగ్‌లోని వూదావ్‌కౌ ప్రాంతంలో డి-22 అనే క్లబ్ నడిచింది. పెకింగ్ యూనివర్సిటీలో ఫైనాన్స్ చెప్పే మైకేల్ పెటిస్ దాన్ని పెట్టారు. 2007లో మొదలైన మేబీ మార్స్ లేబుల్ కూడా ఆ గుంపులోంచి వచ్చిందే. ఈ నాలుగైదు పేర్లు చాలు, నెల రోజులు వినడానికి సరిపోతాయి.

బీజింగ్ వద్దనుకుంటే ఇండోనేషియాలోని యోగ్యకర్త. అక్కడ 2007 నుంచి యెస్ నో వేవ్ అనే నెట్‌లేబుల్ ఆల్బమ్‌లని ఇంటర్నెట్‌లో ఉచితంగా ఇస్తోంది. అదే ఊరి జంట సెన్యావా: ఒకరిది గొంతు, రెండోవారిది వెదురుతో సొంతంగా చేసుకున్న తీగ వాయిద్యం. వాళ్ళు 2021లో ఒక ఆల్బమ్‌ని 44 చిన్న లేబుళ్ళకి ఒకేసారి ఇచ్చారు, ఏ ఊరి లేబుల్ ఆ ఊళ్ళో తన సొంత కవర్‌తో వేసుకుంది. ఒక పెద్ద కంపెనీ అవసరమే లేకుండా పాటని ప్రపంచమంతా తిప్పిన పద్ధతి అది. మన దగ్గర కూడా ఎవరైనా ప్రయత్నించాలని నా కోరిక.

భాష రాదు. అర్థం కాకుండా వింటే ఏం లాభం?

ముందు వినండి, తర్వాత అర్థం వెతకండి. త్యాగరాజ కీర్తనలు తెలుగు రాని తమిళులు తరాల తరబడి ప్రాణంగా విన్నారు, పాడారు. అయితే మాట ముఖ్యమైన చోట మాటని వదిలేయకండి. ర్యాప్, నిరసన పాట, జానపదం లాంటివి అర్థం తెలియకుండా వింటే సగమే విన్నట్టు. యూట్యూబ్ కామెంట్లలో ఆ దేశం వాళ్ళే అనువాదాలు పెడుతుంటారు. మర్యాదగా అడిగితే చెప్తారు కూడా.

పాత కంబోడియా రాక్ గురించి అందరూ చెప్తారు. ఏమిటా కథ?

1960ల్లో, 70ల మొదట్లో రాజధాని నాంఫెన్ నగరం పాటలతో వెలిగిపోయింది. సిన్ సిసముత్, రోస్ సెరై సోథియా, పెన్ రాన్, యోల్ ఔలరాంగ్ అప్పటి గాయకులు. అప్పటికే అక్కడున్న ఖ్మేర్ పాట లక్షణం, సర్ఫ్ గిటార్, లాటిన్ లయ, వియత్నాం యుద్ధంలో అమెరికన్ సైనికుల కోసం నడిచిన రేడియోలో వినపడిన రాక్, అన్నీ కలిసిపోయిన సంగీతం అది. 1975 ఏప్రిల్ 17న ఖ్మేర్ రూజ్ అనే కమ్యూనిస్టు సైన్యం నగరాన్ని పట్టుకుంది. నాలుగేళ్ళు తిరక్కుండా 17 నుంచి 20 లక్షల మంది చనిపోయారు. పైన చెప్పిన గాయకులెవరూ ప్రాణాలతో బయటపడలేదు. వాళ్ళు ఎక్కడ, ఎలా చనిపోయారో ఇప్పటికీ సరిగ్గా తెలియదు. మాస్టర్ టేపులు చాలావరకు పోయాయి. జనం దాచుకున్న రికార్డులు, కాసెట్ కాపీలే మిగిలాయి.

1996లో అమెరికాలో ‘కంబోడియన్ రాక్స్’ అనే సంకలనం వచ్చింది. ఒక యాత్రికుడు కంబోడియాలో కొన్న కాసెట్లలోంచి తీసినవే ఆ పాటలు. విన్నవాళ్ళు పిచ్చెక్కిపోయారు. కానీ అందులో పాట పేరు గానీ, పాడినవాళ్ళ పేరు గానీ లేదు. చంపినవాళ్ళు మనుషుల్ని తుడిచేశారు, మెచ్చుకున్నవాళ్ళు పేర్లు వేయకుండా అమ్మారు. శ్రోతలు, పరిశోధకులు ఏళ్ళ తరబడి కష్టపడి ఒక్కో పేరూ వెలికితీశారు. 2014లో జాన్ పిరోజ్జి తీసిన డాక్యుమెంటరీ ఆ గాయకుల కథని వాళ్ళ తోటివాళ్ళ, ఇంటివాళ్ళ నోటితో చెప్పించింది. అందుకే ఈ పేజీలో నేను మొండిగా అడిగేది ఒక్కటే: పాట పంపితే పాడినవాళ్ళ పేరు రాసి పంపండి. ‘అదిరిపోయే కంబోడియా సాంగ్’ అని ఫార్వర్డ్ చేయకండి.

వేరే దేశాల్లో కూడా ఇలా జరిగిందా?

ఇంత ఘోరం అన్నిచోట్లా జరగలేదు గానీ, పాటని చూసి భయపడ్డ ప్రభుత్వాలు చాలా ఉన్నాయి. ఇండోనేషియాలో బీటిల్స్ తరహా పాటలు వాయించారని 1965లో కూస్ బెర్సౌదరా అనే అన్నదమ్ముల బ్యాండ్‌ని సుకర్ణో ప్రభుత్వం దాదాపు మూడు నెలలు జకార్తా గ్లోడోక్ జైల్లో పెట్టింది. దక్షిణ కొరియాలో రాక్ గిటారిస్టు షిన్ జుంగ్-హ్యున్‌ని ప్రెసిడెంట్ పార్క్ చుంగ్-హీ మీద పొగడ్త పాట రాయమన్నారు. ఆయన రాయలేదు, బదులుగా దేశంలోని కొండల మీద, నదుల మీద పాట కట్టాడు. 1975లో గంజాయి కేసులో అరెస్టయ్యాడు, పార్క్ 1979లో చనిపోయేదాకా ఆయన సంగీతానికి నిషేధమే. ఆయన స్వరపరిస్తే కిమ్ జుంగ్ మి పాడిన 1973 ఆల్బమ్ ‘నౌ’ని ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని ప్రశాంతంగా ఒక్కసారి వినండి. ఈ పేజీలో ఒక్కటే ఆల్బమ్ వింటాను అంటే నేను చెప్పేది అదే.

టర్కీలో గాయని సెల్దా బాజాన్ 1980 సైనిక తిరుగుబాటు తర్వాత జైలుకెళ్ళింది, 1987 దాకా ఆమెకి పాస్‌పోర్ట్ ఇవ్వలేదు. ఢాకా గాయకుడు అజమ్ ఖాన్‌ది వేరే కథ: 1971 యుద్ధంలో తుపాకి పట్టి పోరాడి వచ్చి, కొత్త దేశంలో పాప్ సంగీతానికి పునాది వేశాడు. కలకత్తాలో 1975లో మొహీనేర్ ఘోరాగులి అనే బ్యాండ్ మొదలైంది. దాన్ని నడిపించిన గౌతమ్ చటోపాధ్యాయకి నక్సలైటు ఉద్యమంతో సంబంధం ఉండేది. మన వైపు ఆ ఉద్యమం డప్పు పాటని పెంచితే, అక్కడ దానిలోంచి వచ్చిన మనిషి గిటార్ బ్యాండ్ కట్టాడు.

ఇరాన్ లాంటి చోట్ల వాళ్ళ వీడియోలు షేర్ చేస్తే వాళ్ళకి ఇబ్బందా?

వాళ్ళు తమంతట తాము బయటపెట్టినవి షేర్ చేయండి, అందుకే పెట్టారు. 2024 డిసెంబర్‌లో పరస్తూ అహ్మదీ అనే గాయని హిజాబ్ లేకుండా పాడి ఆ కచేరీని యూట్యూబ్‌లో పెట్టింది, రెండు మూడు రోజుల్లోనే అదుపులోకి తీసుకున్నారు, తర్వాత వదిలారు. ర్యాపర్ తూమాజ్ సాలెహీకి అదే ఏడాది ఉరిశిక్ష వేశారు, పై కోర్టు కొట్టేసింది, డిసెంబర్‌లో బయటికి వచ్చాడు. ఆయన విడుదలకి బయటి దేశాల్లో జనం గట్టిగా అడిగారు. కానీ ఎవరో ఫోన్‌లో రహస్యంగా తీసిన ప్రైవేటు గిగ్ వీడియో చేతికొస్తే దాన్ని ముందుకు పంపకండి. అందులో కనపడే ప్రేక్షకుల ముఖాలు కూడా సాక్ష్యమే అవుతాయి.

ఆడపిల్లల బ్యాండ్లు ఉన్నాయా? మా అమ్మాయి డ్రమ్స్ నేర్చుకుంటోంది.

బోలెడున్నాయి, అమ్మాయికి తప్పకుండా వినిపించండి. 1960ల్లోనే సురబాయ నుంచి దారా పుస్పిత అనే నలుగురు అమ్మాయిల బ్యాండ్ వచ్చింది. వాయిద్యాలన్నీ వాళ్ళే వాయించేవాళ్ళు, 1968లో యూరప్ వెళ్ళి అక్కడ టూర్లు చేశారు. ఒసాకా షోనెన్ నైఫ్ 1981లో మొదలై ఇప్పటికీ వాయిస్తోంది, 1991లో అమెరికన్ రాక్ బ్యాండ్ నిర్వాణాతో కలిసి బ్రిటన్ తిరిగింది. క్యోటో నుంచి ఒటోబోకే బీవర్. కానీ డ్రమ్స్ నేర్చుకునే పిల్లకి మొదట చూపించాల్సింది వాయిస్ ఆఫ్ బాసెప్రోట్‌ని. పశ్చిమ జావాలో గరుత్ దగ్గర పల్లెటూళ్ళో స్కూల్లో చదువుకుంటూ 2014లో ముగ్గురు అమ్మాయిలు మెటల్ (గట్టి మోతతో వాయించే రాక్) బ్యాండ్ పెట్టారు, హిజాబ్ వేసుకునే వాయిస్తారు. ఊళ్ళో వద్దన్నవాళ్ళకి, బయట వింతగా చూసినవాళ్ళకి, ఇద్దరికీ వాళ్ళు ఒకే జవాబు ఇచ్చారు: వాయించడం ఆపలేదు. 2024లో బ్రిటన్‌లోని గ్లాస్టన్‌బరీ సంగీత ఫెస్టివల్‌లో వాయించారు, ఇండోనేషియా నుంచి అక్కడికి వెళ్ళిన మొదటి బ్యాండ్ వాళ్ళదే.

స్పాటిఫైలో అన్నీ ఉన్నాయి. అది చాలదా?

వెతకడానికి చాలు. వాళ్ళకి డబ్బు చేరడానికి చాలదు. 2024 నుంచి స్పాటిఫైలో ఒక పాటని 12 నెలల్లో కనీసం 1,000 సార్లు వింటే తప్ప దానికి పైసా రాదు. చిన్న బ్యాండ్‌కి ఆ గీత దాటడమే కష్టం. సంగీతం నేరుగా అమ్మే బ్యాండ్‌క్యాంప్ అనే సైట్‌లో డిజిటల్ ఆల్బమ్ కొంటే సైట్ 15 శాతం తీసుకుంటుంది, పేమెంట్ ఛార్జీలు పోగా మిగతాది సంగీతకారుడికో, లేబుల్‌కో వెళ్తుంది. 2020 మార్చి నుంచి కొన్ని శుక్రవారాలు ఆ 15 శాతం కూడా వదిలేస్తున్నారు. ఎఫ్‌ఎల్‌ఏసీ (నాణ్యత తగ్గని ఆడియో) ఫైలు దించుకుంటే అది మీదే, నెట్ లేకపోయినా మోగుతుంది.

మన వైపు నుంచి తరచుగా వచ్చే తంటా ఒకటుంది. కార్డు పేమెంట్ ఫెయిల్ అవుతుంది. రిజర్వ్ బ్యాంక్ 2020లో పెట్టిన నిబంధన వల్ల కొత్త కార్డుల్లో విదేశీ ఆన్‌లైన్ లావాదేవీలు ఆఫ్‌లో ఉంటాయి. బ్యాంకు యాప్‌లోకి వెళ్ళి ఆన్ చేసుకోండి, లిమిట్ తక్కువ పెట్టుకోండి, పని అయ్యాక మళ్ళీ ఆఫ్ చేయండి. ఫారెక్స్ మార్కప్ (విదేశీ కరెన్సీకి బ్యాంకు వేసే ఛార్జీ) కొంత పడుతుంది కాబట్టి ఒక్కో పాట కాకుండా ఆల్బమ్‌లే కొనడం మేలు. ‘నేమ్ యువర్ ప్రైస్’ అని ఉంటే మీ తాహతుకి తగ్గట్టు ఇవ్వండి. స్టూడెంట్ అయితే సున్నా పెట్టి దించుకోండి, ఉద్యోగం వచ్చాక ఇద్దురు గానీ.

రీఇష్యూ (పాతవి మళ్ళీ విడుదల చేసిన) రికార్డులు ఖరీదెక్కువ. కొనొచ్చా?

లోపలి నోట్స్‌లో హక్కులు ఎవరి దగ్గర తీసుకున్నారో, పాడినవాళ్ళ, వాయించినవాళ్ళ పేర్లు ఏమిటో రాసి ఉంటే కొనండి. లేకపోతే నేను కొనను. బాగా జరిగిన ఉదాహరణలూ ఉన్నాయి. చరణ్‌జిత్ సింగ్ బొంబాయి సినిమా ఆర్కెస్ట్రాల్లో వాయించేవారు. 1982లో రోలాండ్ కంపెనీ ఎలక్ట్రానిక్ వాయిద్యాల మీద పది రాగాలు డిస్కో లయలో వాయించి ఒక ఎల్పీ చేశారు, అప్పట్లో ఎవరూ పట్టించుకోలేదు. 2010లో రీఇష్యూ అయ్యాక ప్రపంచం నివ్వెరపోయింది. పెద్ద వయసులో ఆయన విదేశీ వేదికల మీద మళ్ళీ వాయించారు, 2015లో చనిపోయారు. మనిషి ఉండగానే గుర్తింపు అందడం చాలా అరుదు.

మెటల్ అంటే తలనొప్పి.

వదిలేయండి. అన్నీ అందరికీ నచ్చాలని లేదు. సన్‌సెట్ రోలర్‌కోస్టర్ అనే తైవాన్ బ్యాండ్ వినండి, వర్షాకాలం సాయంత్రాలకి బాగుంటుంది.

హైదరాబాద్‌లో లైవ్‌గా ఎక్కడ వినాలి? తెలుగులో ఇండీ ఉందా?

బంజారాహిల్స్ లామకాన్ 2010 నుంచి నడుస్తోంది. ఆరుబయట మెట్ల మీద కూర్చుని, చేతిలో చాయ్ పెట్టుకుని వినొచ్చు, చాలా కార్యక్రమాలకి టికెట్ ఉండదు, ఉన్నా తక్కువ. వాళ్ళ క్యాలెండర్ వారానికోసారి చూడండి. గోథె-జెంత్రుమ్, అలియాన్స్ ఫ్రాంసెజ్ అప్పుడప్పుడు కచేరీలు పెడతాయి. కాలేజీ ఫెస్ట్‌లు మర్చిపోకండి: సెంట్రల్ యూనివర్సిటీ సుకూన్, ట్రిపుల్ ఐటీ ఫెలిసిటీ. జూబ్లీహిల్స్, గచ్చిబౌలి బ్రూవరీల్లో ఎక్కువగా కవర్లే (వేరేవాళ్ళ పాటలే) వాయిస్తారు, ఎందుకంటే టేబుళ్ళ దగ్గర నుంచి అడిగేది అవే. మీరు వెళ్ళి ‘మీ సొంత పాట ఒకటి వాయించండి’ అని చీటీ పంపండి. బ్యాండ్ వాళ్ళ ముఖాలు వెలిగిపోతాయి. రాత్రి పదికి లౌడ్‌స్పీకర్ నిబంధన ఉంది కాబట్టి ఆరుబయట షోలు త్వరగా మొదలవుతాయి, మెల్లగా వెళ్దామనుకుంటే సగం అయిపోతుంది.

తెలుగు విషయానికొస్తే, చౌరస్తా బ్యాండ్ జమైకా రెగెనీ మన జానపదాన్నీ కలిపి పల్లె మాటల్లో పాడింది. అందులోంచి వచ్చిన రామ్ మిరియాల 2021లో జాతిరత్నాలుతో సినిమాలోకి వెళ్ళాడు. ఇక్కడ మొదలైన గాడ్‌లెస్ డెత్ మెటల్ బ్యాండ్ 2021 ఆల్బమ్‌కి దేశమంతా అభిమానులున్నారు. ప్రతి మంచి గొంతునీ సినిమా లాక్కెళ్తుందని బాధపడేవాళ్ళున్నారు. పాడేవాళ్ళకి ఇల్లు గడవాలి కాబట్టి ఆ తప్పు వాళ్ళది కాదు. సొంత పాటకి టికెట్ కొనే జనం ఇక్కడ ఇంకా పెరగాలి. చెన్నైలో 2018 జనవరిలో క్యాస్ట్‌లెస్ కలెక్టివ్ అనే బృందం గానా పాటని (చెన్నై బస్తీల జానపదాన్ని), రాక్‌ని, ర్యాప్‌ని ఒకే వేదిక మీదకి తెచ్చినప్పుడు వినడానికి వేల మంది వచ్చారు. మన దగ్గర గోరటి వెంకన్న పాట, మర్ఫా, గిటార్ అలా ఒకచోట చేరే రోజు కోసం నేను నిజంగా ఎదురుచూస్తున్నాను.

మా ఇంట్లో పాత ప్రైవేట్ కాసెట్లు ఉన్నాయి. పారేయాలా?

దయచేసి పారేయకండి. ఎర్రగడ్డ ఆదివారం సంతలో, జుమ్మేరాత్ బజార్‌లో కూడా ఇలాంటివి అప్పుడప్పుడు కనిపిస్తాయి, అక్కడ పడేసి ఉన్నవి కూడా ఏరుకోండి. టేపు మీద తెల్లటి బూజు కనపడితే ప్లేయర్‌లో పెట్టొద్దు, హెడ్ కూడా పాడవుతుంది. బాగున్న కాసెట్‌ని ముందు ఆ చివర నుంచి ఈ చివరకి ఒకసారి పూర్తిగా తిప్పండి. రిబ్బన్ వెనక ఉండే చిన్న స్పాంజి ముక్క ఊడిపోయి ఉంటే వేరే కాసెట్‌లోంచి తీసి అతికించండి. ప్లేయర్ హెడ్‌ని ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్దిన దూదితో తుడిచి, లైన్ అవుట్ నుంచి కంప్యూటర్‌కి కలిపి, ఆడాసిటీలో 24 బిట్ వేవ్ ఫైలుగా రికార్డు చేయండి. హిస్ (టేపు సర్రుమనే చప్పుడు) వస్తోందని అసలు ఫైలులో నాయిస్ తీసేయకండి, ఆ పని కాపీలో చేసుకోండి.

ఇన్‌లే కార్డుని (కాసెట్ పెట్టెలో ఉండే పేర్ల అట్టని) రెండు వైపులా స్కాన్ చేయండి. పాడినవాళ్ళు, రాసినవాళ్ళు, తబలా, కీబోర్డు, రికార్డింగ్ ఎక్కడ, అన్నీ టైప్ చేసి ఫైలుతో పాటే పెట్టండి. మన చట్టంలో సౌండ్ రికార్డింగ్ హక్కు విడుదలైన మరుసటి ఏడాది మొదటి నుంచి 60 ఏళ్ళు ఉంటుంది. కాబట్టి ఆన్‌లైన్‌లో పెట్టేముందు కార్డు మీదున్న కంపెనీనీ, పాడినవాళ్ళనీ లేదా వాళ్ళ పిల్లల్నీ అడగండి. చాలాసార్లు వాళ్ళ దగ్గర ఒక్క కాపీ కూడా ఉండదు, కాబట్టి ఫైలు ముందు వాళ్ళకే పంపండి.